పల్లకీ వెనక నడిచిన మనిషి

దివాణం గేటు దగ్గర మాకు పన్నీరు చల్లారు. మే నెల ఎండ. పదిన్నరకే నేల సెగలు కక్కుతోంది. తలపాగా చుట్టిన ఒక ముసలాయన పన్నీరుబుడ్డి ఊపుతూ మా నలుగురి మీదా చల్లాడు. ఆయన తలపాగా కింద నుంచి చెమట ధారగా కారుతోంది. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. నాకు అక్కడే ఒళ్ళు మండింది. నా ఒళ్ళు మండడానికి పెద్ద కారణం అక్కర్లేదని మా ఇంట్లో అంటూంటారు. ఆ రోజు మాత్రం కారణాలు కోటగోడంత ఉన్నాయి.

మా అమ్మాయికి పెళ్ళి కుదిరింది. అబ్బాయి అచ్యుతాపురంలో మందుల కంపెనీలో చేస్తాడు. వాళ్ళది గోదావరి జిల్లా. తండ్రి స్టీల్ ప్లాంటులో ఉద్యోగానికి వచ్చి, రిటైరై, ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. మంచివాళ్ళు, మర్యాదస్తులు. పేచీ అంతా పెళ్ళి ఎక్కడ చెయ్యాలన్న దగ్గర వచ్చింది. మా కాబోయే వియ్యపురాలు ఫోన్లో ఒక వీడియో చూసి ఈ దివాణాన్ని పట్టుకున్నారు. విశాఖకి గంటన్నర దూరంలో ఉన్న పాత జమీందారీ కోట. ఇప్పుడు దాన్ని హెరిటేజ్ రిసార్టు చేసి పెళ్ళిళ్ళకి ఇస్తున్నారు.

చూసి రావడానికి నేను, మా అమ్మాయి, వియ్యపురాలు, మా అమ్మ బయల్దేరాం. అమ్మకి డెబ్భై అయిదు దాటాయి. ఆమె రానంటుందని అనుకున్నాను. ఎందుకంటే ఆ దివాణం ఆమెకి కొత్త కాదు. ఆమె పుట్టింది అందులోనే.

ఇక్కడ మా అమ్మమ్మ సంగతి చెప్పాలి. మా అమ్మమ్మ ఆ దివాణానికి పెళ్ళిసామానుతో పాటు వచ్చింది. ఎక్కడో ఇంకో జమీందారు కూతురు ఈ ఇంటికి కోడలిగా వస్తున్నప్పుడు పుట్టింటివాళ్ళు అరణం ఇచ్చారు. నగల పెట్టెలు, వెండి బిందెలు, పాడి ఆవులు, వాటితో పాటు ఇద్దరు ఆడపిల్లలు. ఆ పిల్లల్లో ఒకతె మా అమ్మమ్మ. అప్పటికి పదేళ్ళు నిండాయో లేదో. పెళ్ళికూతురు పల్లకీలో కూర్చుంటే, ఈ పిల్ల తాంబూలం పళ్ళెం పట్టుకుని వెనక నడిచింది, ఆ ఊరి నుంచి ఈ ఊరి దాకా. దారిలో పల్లకీ దించినప్పుడు బోయీలు చెట్టుకింద కూలబడ్డారు గాని, పళ్ళెం పట్టుకున్న పిల్లని కూర్చోమని ఎవరూ అనలేదట.

అరణంగా ఇచ్చింది ఏదీ వెనక్కి తీసుకోకూడదు. అది వాళ్ళ ఆచారం. ఆవుకీ అంతే, పిల్లకీ అంతే. తల్లి ఒకసారి చూడ్డానికి వచ్చిందట. అరణం పిల్లకి పుట్టిల్లేమిటని గేటు దగ్గర్నుంచే పంపించేశారు. ఆ తర్వాత తల్లి ఎప్పుడు పోయిందో కూడా మా అమ్మమ్మకి తెలియదు.

ఆ పెళ్ళికూతురు రాణిగారైంది. ఆవిడకి తలంటడం, కాళ్ళు పట్టడం, ఆవిడ నిద్రపోయేదాకా విసరడం, ఆ మంచం పక్కనే నేలమీద చాప పరుచుకుని పడుకోవడం. పడుకోవడమంటే నిద్రపోవడమని కాదు. అమ్మమ్మకి పెళ్ళి చెయ్యలేదు. పిల్లలు మాత్రం పుట్టారు: మా అమ్మ, ఆ తర్వాత మా మావయ్య. తండ్రి ఎవరో అమ్మమ్మ నోటితో చెప్పలేదు. దివాణంలో పుట్టిన పిల్లలు దివాణం పిల్లలు. కొట్టంలో దూడ పుడితే తండ్రి పేరు ఎవరు రాసుకుంటారు?

జమీందారీలు పోయిన కొన్నాళ్ళకి దొరవారు మకాం మద్రాసుకి మార్చేశారు. అరణం ఆవుల్ని అమ్ముకున్నారు. అరణం మనిషిని పొమ్మన్నారు. ఆమె ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని విశాఖపట్నం చేరి, పూర్ణా మార్కెట్టులో ఒక సాయిబుగారి మిరపకాయల కొట్లో తొడిమలు తీసే పనికి కుదిరింది. మొదటిరోజు పొద్దువాలాక ఆయన ఇంటికెళ్ళమన్నాడట. అమ్మమ్మ కదల్లేదు. మళ్ళీ చెప్పాడట. ఆమె ఏడుపు లంకించుకుంది, నేనేం తప్పు చేశాను బాబూ, ఎందుకు పొమ్మంటున్నారు అని. సాయంత్రానికి పని అయిపోతుందన్న సంగతి ఆమెకి అంతవరకూ తెలియదు. ఈ ముక్క చెప్పినప్పుడల్లా మా అమ్మ నవ్వుతుంది. నాకెప్పుడూ నవ్వు రాలేదు.

నేను మద్దిలపాలెంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో సివిక్స్ చెబుతాను. ప్రాథమిక హక్కుల పాఠంలో వెట్టిచాకిరీ నిషేధమని ఒక పేరా ఉంటుంది. పరీక్షలో వస్తే రెండు మార్కులు. మా అమ్మమ్మ బతుకు మొత్తానికి రెండు మార్కులు. అదీ వస్తే.

కారులో వెళ్తూ వియ్యపురాల్ని అడిగాను, బీచ్ రోడ్డులో ఇన్ని హాళ్ళుండగా ఈ దివాణమే ఎందుకు వదినగారూ అని. ముందు సీట్లోంచి ఆవిడ సంబరంగా వెనక్కి తిరిగారు. నిశ్చితార్థం రోజు భోజనాల దగ్గర మా మావయ్య ఆవిడకి మా వంశచరిత్ర చెప్పాడట. మా మావయ్య పోర్టులో క్రేన్ ఆపరేటరుగా చేసి రిటైరయ్యాడు. ఎంత బరువునైనా పైకెత్తడం ఆయనకి అలవాటు. అక్కా నేనూ ఆ దివాణంలోనే పుట్టామండి, మా అమ్మ రాణిగారి మంచం పక్కనే పడుకునేదండి, రాణిగారు మా అమ్మని విడిచి ఒక్క క్షణం ఉండేవారు కాదండి అన్నాడట. ఒక్క మాటా అబద్ధం కాదు. అదీ మా మావయ్య ప్రతిభ.

"మీది రాజులవైపు చుట్టరికమని మావాళ్ళందరికీ చెప్పేశానండి" అన్నారు వియ్యపురాలు. "అత్తయ్యగారి పుట్టింట్లోనే పెళ్ళంటే మాకెంత గౌరవమండీ."

పుట్టిల్లట. నేను నోరు తెరిచాను. మా అమ్మాయి నా తొడ మీద గట్టిగా గిల్లింది. దానికి మొత్తం తెలుసు. చిన్నప్పుడు అన్నం తినిపిస్తూ చందమామ కథలకి బదులు నేను చెప్పిన కథలు ఇవే. అది సిగ్గుపడే పిల్ల కాదు. కాని ఇంకా మెడలో తాళి పడలేదు, డ్రైవరు కాక కారులో మనం నలుగురమే ఉన్నాం, ఇంకా గంట ప్రయాణం ఉంది అని ఆ గిల్లుడికి అర్థం. అమ్మవైపు చూశాను. అమ్మ కిటికీలోంచి జీడితోటల్ని చూస్తోంది, ఆ మాటలు పక్కకారులోవాళ్ళవి అన్నట్టు.

అలా చేరాం పన్నీరు దగ్గరికి.

మమ్మల్ని తిప్పి చూపించడానికి ఒక మేనేజరు వచ్చాడు. మెడలో టై, చేతిలో ట్యాబు. గోడలకి కొత్తగా సున్నం వేయించామని, నేల పాలరాయి పాతదేనని, ఈ కోట కట్టడానికి కొన్నేళ్ళు పట్టిందని చెప్పాడు. ఎవరు కట్టారని అడిగాను. దొరవారి తాతగారండి అన్నాడు. తాతగారు రాళ్ళు మోశారా అని అడిగాను. అతను నవ్వి, మేడమ్ చాలా సరదా మనిషి అని మా అమ్మాయితో అన్నాడు.

పెద్ద హాల్లో గోడనిండా పటాలు. కత్తులు, పులితోలు, గాజుబుడ్ల దీపాలు. నడిమధ్య చివరి దొరవారి నిలువెత్తు తైలవర్ణ చిత్రం. వెడల్పు నుదురు, మధ్యలో కాస్త ఎత్తుగా లేచి చివర కిందికి వంగిన ముక్కు. ఆ ముక్కు చూడగానే నా అడుగు ఆగిపోయింది. అది మా ఇంట్లో తిరిగే ముక్కు. మా మావయ్య కళ్ళజోడు ఆ గూని మీదే ఆగుతుంది. మా అమ్మ ముక్కుపుడక దాని పక్కనే ఉంటుంది.

నాకంటే ఒక్క క్షణం ఆలస్యంగా వియ్యపురాలూ చూశారు. చూసి, ఆనందం పట్టలేకపోయారు.

"అత్తయ్యగారూ, ఆ ముక్కు చూశారాండీ? అచ్చు మీ ముక్కేనండి. రక్తం ఎక్కడికి పోతుంది చెప్పండి" అన్నారు.

అమ్మ పమిట చెంగు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకుంది, దుమ్ముకి పెట్టుకున్నట్టు. నాకు చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి. "అవునండీ, ముక్కు ఇచ్చారు. ముద్ద మాత్రం పెట్టలేదు" అన్నాను. వియ్యపురాలు పకపకా నవ్వారు. జమీందారీ వంశంలో వాటాల గొడవేదో ఉందనుకున్నారు కాబోలు. మేనేజరు మా అమ్మకి వంగి నమస్కారం పెట్టి, అయితే మీరు ఫ్యామిలీయా మేడమ్, ముందే చెప్పాల్సింది అన్నాడు. దొరవారు ఎంతో దయగలవారని, పనివాళ్ళని కూడా కన్నబిడ్డల్లా చూసుకునేవారని వివరించాడు. కన్నబిడ్డల్ని ఎలా చూశారో అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని పక్కగదిలోకి లాక్కుపోయింది.

మేం తిరిగొచ్చాక అమ్మ ఆ హాల్లో ఒక్కటే అడిగింది, వెనకాల సావిడి ఉండాలి కదా బాబూ, గుర్రాల కొట్టం పక్కన, అది ఉందా అని. ఆ సావిట్లోనే అరణం మనుషులు, వాళ్ళ పిల్లలు ఉండేవారు. అమ్మ పుట్టింది ఆ మట్టినేల మీద. మేనేజరు ట్యాబు చూసి, ఉంది మేడమ్, దాన్ని స్పా చేశాం అన్నాడు. తీసుకెళ్ళి చూపించాడు. అద్దాల తలుపు, లోపల చల్లటి ఏసీ, ఏదో గడ్డినూనె వాసన. వరసగా మెత్తటి కుర్చీలు, ఒక్కో కుర్చీ ముందు ఒక్కో చిన్న పీట. కుర్చీల్లో అతిథులు కూర్చుంటారు, పీటల మీద కూర్చుని అమ్మాయిలు వాళ్ళ కాళ్ళు పడతారు. గోడమీద పెద్ద అక్షరాలతో రాయల్ ఫుట్ కేర్ అని రాసుంది. ఏమీ మారలేదు చూడు, ఏసీ ఒక్కటే కొత్త అన్నాను అమ్మతో. అమ్మ గుమ్మం పక్క గోడకి అరచెయ్యి ఆనించింది. ఆ గోడకి ఇప్పుడు గులాబీరంగు వేసి ఉంది.

ఆ తర్వాత అసలు వస్తువు చూపించడానికి మేనేజరు మమ్మల్ని ముందు వాకిట్లోకి తీసుకొచ్చాడు. దాని పేరు రాణీగారి ప్రవేశమట. పెళ్ళికూతురు గేటు నుంచి పల్లకీలో వస్తుంది. బాజాలు, పైన డ్రోన్ కెమెరా. పల్లకీ వెనక ఎనిమిదిమంది ఆడవాళ్ళు ఒకే రంగు చీరల్లో పూలపళ్ళేలు పట్టుకుని నడుస్తారు. వాళ్ళని చెలికత్తెలు అంటామన్నాడు. నమూనాకి ఇద్దర్ని పిలిపించాడు. చెరో ముప్ఫై ఏళ్ళు ఉంటాయి. పసుపు చీర, తలలో ప్లాస్టిక్ మల్లెలు, వట్టికాళ్ళు. చెప్పులు లేవేమని అడిగితే, ఫొటోలో చెప్పులు బాగోవు మేడమ్ అన్నాడు.

పల్లకీకి కింద చక్రాలున్నాయి, పట్టుగుడ్డతో కప్పి. బోయీలు భుజం పెట్టినట్టు నటిస్తే చాలు, మోటారు తోస్తుంది. రిస్కు ఉండదు మేడమ్ అని గర్వంగా చెప్పాడు. మోసేవాళ్ళకి బదులు చక్రాలు పెట్టారు. వెనక నడిచేవాళ్ళకి బదులు మాత్రం ఏమీ పెట్టలేదు. ఎందుకంటే అందం అంతా వాళ్ళలోనే ఉంది. పల్లకీలో ఉన్నది రాణి అని తెలియాలంటే వెనకాల ఎవరో ఒకరు వట్టికాళ్ళతో ఉండాలి కదా.

మా అమ్మాయిని ఒకసారి కూర్చుని చూడమన్నారు. అది నావైపు చూసి, వాళ్ళ కాబోయే అత్తగారివైపు చూసి, మొహమాటంగా ఎక్కి కూర్చుంది. గేటు నుంచి మెట్లదాకా ఎర్ర కార్పెట్ పరిచి ఉంది. పల్లకీ దానిమీద కదిలింది. పసుపుచీరల ఆడవాళ్ళు కార్పెట్ పక్కన నాపరాళ్ళ మీద నడిచారు. కార్పెట్ మీద వాళ్ళ అడుగులు పడకూడదు. కాళ్ళ దుమ్ముకి తెల్ల మరకలు పడతాయి, వీడియోలో కనిపిస్తాయి అన్నాడు మేనేజరు.

నేను ఇంక చాలని చెప్పబోయాను. నాకంటే ముందు అమ్మ మాట్లాడింది.

"నా మనవరాలు ఇందులో కూకోవాల" అంది.

నేను సరిగ్గా వినలేదనుకున్నాను. "ఏటమ్మా?"

"పల్లకీలో కూకోవాల, ఈ గుమ్మంలోంచి రావాల. మాయమ్మ ఎనకాల నడిసొచ్చిన గుమ్మం ఇది. దాని మునిమనవరాలు ముందు కూకుని రావాల. అది సూసి నాను సచ్చిపోయినా పర్లేదు."

అమ్మ ఇంత దూరం ఎందుకు వచ్చిందో అప్పుడు అర్థమైంది. కారులో మౌనం, గోడమీద చెయ్యి, అన్నీ దీనికోసమే. నాకు కోపం ఎవరిమీద వచ్చిందో కూడా తెలియలేదు. దివాణం మీద కోపం ఉంది, మావయ్య మీద ఉంది. ఇప్పుడు అమ్మ మీద. ఆమె మీద కోపం వచ్చినందుకు ఇంకా కోపం.

"అయితే ఎనకాల ఎవరు నడవాల?" అన్నాను.

"ఎవలో ఒకలు నడుత్తారు. ఆల్లకి కూలిత్తారు. మాయమ్మకి ఏటిచ్చారు?"

కూలి ఇస్తే ఏ పనైనా సరేనా, కాళ్ళమీద పడమన్నా పడతారా అని ఏదో అన్నాను. పడతారు, పడకపోతే తిండి ఎవడు పెడతాడు, నువ్వు కాలేజీలో సైర్మనుకి లేచి నిలబడవా అంది అమ్మ. నేను లేచి నిలబడను, అందుకే ఇది నాకు నాలుగో కాలేజీ అన్నాను. నువ్వు నిలబడకపోయినా నీ మొగుడికి జీతమొచ్చింది కాబట్టి చెల్లింది అంది. తల్లీకూతుళ్ళం వాకిట్లో అలా తగులుకున్నాం.

ఇంతసేపూ బిక్కమొహంతో వింటున్న వియ్యపురాలు మెల్లిగా అడిగారు, "వెనకాల నడవడమేంటండీ వదినగారూ?"

చెప్పేశాను. మొత్తం చెప్పాను. పాఠం చెప్పినట్టే చెప్పాను, గొంతు తగ్గించకుండా. అరణం ఏమిటో, ఆవులేమిటో, మంచం పక్కన చాప ఏమిటో. ఆవిడ మొహంలో రంగులు ఒక్కొక్కటే దిగిపోయాయి.

"అంటే... పనిమనిషాండి?" అన్నారు చివరికి.

"పనిమనిషి మానేసి పోవచ్చండి. మా అమ్మమ్మని ఇచ్చేశారు" అన్నాను.

మేనేజరు మధ్యలో వచ్చి, అవన్నీ ఆ రోజులు మేడమ్, ఇప్పుడు మేం కల్చర్ మాత్రమే చూపిస్తున్నాం అన్నాడు. ఇక అతన్ని పట్టుకున్నాను. ఏది బాబూ కల్చరు, చెప్పులు విప్పించడమా, కార్పెట్ మీంచి దింపడమా, పేరు మార్చి చెలికత్తె అంటే కాళ్ళు కాలవా అని. రాజ్యాంగం నుంచి కార్మిక చట్టాల దాకా వెళ్ళాను. నాకు బాగా మాటలొస్తున్నాయి. అలాంటప్పుడు నన్ను ఆపడం కష్టం.

"అమ్మా" అంది మా అమ్మాయి పల్లకీలోంచి. "వాళ్ళిద్దరూ ఇంకా ఎండలోనే నిలబడి ఉన్నారు."

అందరం తిరిగి చూశాం. మేమంతా పోర్టికో నీడలో ఉన్నాం. ఆ ఇద్దరూ పల్లకీ వెనక, నాపరాళ్ళ మీద, పళ్ళేలు పట్టుకుని అలాగే ఉన్నారు. ఒక కాలు మీద కాసేపు, ఇంకో కాలు మీద కాసేపు. దించమని ఎవరూ అనలేదు. మేనేజరు అనలేదు. కార్మిక చట్టాలు వల్లిస్తున్న నేనూ అనలేదు.

అమ్మ మెట్లు దిగి వాళ్ళ దగ్గరికి వెళ్ళింది. ముందున్నామె మోచెయ్యి పట్టుకుని, ఇలగ రా తల్లీ, గుడ్డమీదకి రా, కాళ్ళు కాలిపోతన్నాయి అంది. ఆమె రాలేదు. మేనేజరువైపు చూసింది. అమ్మ గట్టిగా లాగింది. ఆమె పళ్ళెం ఒలక్కుండా పట్టుకుని వెనక్కి బిగిసింది.

"ఒద్దమ్మా. దానిమీద అడుగేత్తే మరి రేపట్నుంచి రావొద్దంతారు."

అమ్మ చెయ్యి వదిలేసింది. ఆమె మొహంలోకి చూస్తూ, ఏ ఊరని అడిగింది. ఇదే ఊరు, ఈ గోడ వెనకాలే అని గడ్డంతో చూపించింది ఆమె. మీ అమ్మ ఏం చేసేదని అడిగింది అమ్మ. ఇక్కడే, ఈ దివాణంలోనే అంది. మరి వాళ్ళమ్మ? ఆమె మొదటిసారి నవ్వింది. ముసలామె ఏదో కాలక్షేపానికి అడుగుతోందనుకుంది.

"ఆలమ్మా ఇక్కడే అమ్మా. మా పక్కోలందరం ఇక్కడే సేత్తాం. ఎక్కడికి పోతాం?"

అమ్మ వెనక్కి వచ్చింది. పల్లకీ గుడ్డ పక్కకి తీసి, దిగే, పోదాం అంది మా అమ్మాయితో.

"నువ్వు కూకుంతే ఎనకాల అది నడవాల. నాను దాని మొకం సూసీసేను. ఇంక నావల్ల కాదు" అంది.

మేనేజరు చెలికత్తెలు లేకుండా కూడా చెయ్యొచ్చు మేడమ్, పువ్వుల్ని డ్రోన్‌తో చల్లిద్దాం అన్నాడు. అమ్మ ఆ ఇద్దరివైపూ తిరిగి నమస్కారం పెట్టి కారెక్కింది. వాళ్ళ చేతుల్లో పళ్ళేలుండడం వల్ల వాళ్ళు తిరిగి పెట్టలేకపోయారు.

తిరుగు ప్రయాణంలో వియ్యపురాలు వెనక్కి తిరిగి, అత్తయ్యగారూ, ఆ ముక్కు మాట తెలియక అన్నానండి అని గొణిగారు. తెలియకే అంటారమ్మా ఎవరైనా అంది అమ్మ. నేనైతే అంత సులువుగా వదిలేదాన్ని కాదు. ఇంకాసేపటికి ఆవిడ భర్తకి ఫోన్ చేశారు. అది కుదరదండి, ఎండలు కదా, పెద్దవాళ్ళకి ఇబ్బంది, పార్కింగ్ కూడా సరిగ్గా లేదు అని మొదలుపెట్టారు.

పార్కింగట. ఏనుగుల్ని కట్టేసిన చోట కార్లు పట్టవా? మళ్ళీ ఒక సగం మాట, మళ్ళీ ఒక మర్యాద. మా మావయ్య చెప్పిన 'మంచం పక్కన' లాంటి మాటే ఇదీ. నేను ముందుకి వంగి, ఆ ఫోన్ ఇలా ఇవ్వండి వదినగారూ అన్నాను. అమ్మ నా భుజం పట్టి వెనక్కి లాగింది.

"నువ్వు ఊరుకోయే. నీ నోట్లోంచి వత్తే అది తగువైపోద్ది. మాయమ్మ సంగతి నానే సెప్తాను."

ఫోన్ తీసుకుని, మా అమ్మాయి చేత స్పీకరు పెట్టించి, చెవికి దూరంగా పట్టుకుని, గట్టిగా చెప్పింది.

"బాబూ, నాను పిల్ల అమ్మమ్మని. మా తమ్ముడు మీకు సగమే సెప్పినాడు. మాయమ్మ రాణిగారి మంచం పక్కన పడుకునీది, నిజమే. కింద. కాళ్ళు పట్టడానికి. పెళ్ళిలో ఆవుల్తో పాటు ఇచ్చీసిన పిల్ల. నానూ మా తమ్ముడూ ఆ ఇంట్లోనే పుట్టినాం గాని ఆ ఇంటోలం కాం. మా నాన్నెవులో మాకు ఎవులూ సెప్పలేదు. ఇయ్యాల గోడమీద సూసినాను. మీ ఆవిడా సూసింది. ఇదంతా తెలిసే సేసుకుంతే సేసుకోండి. లేదంతే ఇప్పుడే సెప్పీయండి, నా మనవరాలికి నట్టమేటీ లేదు."

మా కాబోయే వియ్యంకుడు స్టీల్ ప్లాంటులో చాలా ఏళ్ళు కొలిమి దగ్గర పనిచేసిన మనిషి. మాటలు తక్కువ. అలాగేనండి పిన్నిగారూ, అబ్బాయితో మాట్లాడి చెబుతాను అన్నారు. అంతే. వియ్యపురాలు ఫోన్ వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నారు. మా అమ్మాయి గోళ్ళు కొరుక్కోవడం చాలా ఏళ్ళ తర్వాత చూశాను. దానికి ఆ అబ్బాయంటే ఇష్టం. ఆ అరగంటలో నేను మా అమ్మని ఒక్క మాట అనలేకపోయాను. నేను చెప్పాలనుకున్న మాటే కదా ఆమె చెప్పింది. నేనైతే గెలవడానికి చెప్పేదాన్ని.

సిటీలోకి వస్తుండగా మా అమ్మాయి ఫోన్ మోగింది. అబ్బాయే. ఇది ఊ కొడుతూ చాలాసేపు విన్నది. మధ్యలో ఒకసారి, అవును, మా తాతమ్మే అంది. పెట్టేసి మా అందరివైపూ చూసింది.

"నన్నడగడానికేముంది, వేరే హాలు చూడండి అంటున్నాడు" అంది. తర్వాత నావైపు తిరిగి, "మావయ్య తాతకి మైకు ఇవ్వొద్దని కూడా అన్నాడు" అంది.

వియ్యపురాలు కళ్ళు తుడుచుకున్నారు, అమ్మ నిద్రపోయింది, మా అమ్మాయి నవ్వుతోంది. సంతోషించవే అంటారు ఎవరైనా. నాకు సంతోషం రాలేదు. కార్పెట్ పక్కన కాలు మార్చి కాలు నిలబడ్డ ఆ మనిషికి మా ఇంట్లో జరిగినదానివల్ల ఒరిగిందేమీ లేదు. మేం ఆమె మొహం చూడలేక వచ్చేశాం, అంతే. చూడగలిగేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు.

ఇంటి దగ్గర కారు దిగుతుండగానే మేనేజరు నుంచి మెసేజ్ వచ్చింది. మేం అనుకున్న ముహూర్తానికి కోట వేరేవాళ్ళు బుక్ చేసుకున్నారట, రాణీగారి ప్రవేశంతో సహా. చివర్లో రెండు చేతులు జోడించిన బొమ్మ కూడా పెట్టాడు.